ఏడాది పిల్ల

సెప్టెంబర్ మొదటి సోమవారం
కింద రిసెప్షన్ నుంచి ఫోన్:
"గ్లెనిస్, నీ ఏడాది పిల్ల వచ్చింది."

నాకిది పద్నాలుగో కాన్పు.
డిగ్రీలో రెండేళ్లు చదివి, ఒక ఏడాది మా దగ్గర పనిచేసి,
చివరి ఏడాదికి మళ్లీ క్లాసులకు వెళ్లిపోయే బాపతు.
ఈసారి పేరు టామ్‌సిన్. ఊరు కార్న్‌వాల్‌లో ఎక్కడో.
అట్టముక్క మడత పోని కొత్త చొక్కా,
దాని మీద రెండు సైజులు పెద్ద తెల్లకోటు.
కోటు మాదే, పోయినేటి కుర్రాడు విడిచింది,
జేబులో వాడి పెన్ను మూత ఇంకా ఉంది.

మా పని నీళ్లు రుచి చూడడం.
నవ్వకండి.
టీస్ లోయలో ఎవరింటి కుళాయి కంపు కొట్టినా
సీసా మా బల్ల మీదికే వస్తుంది.
పొద్దుటి నుంచి కాఫీ లేదు, సెంటు లేదు, సిగరెట్ అసలే లేదు.
వాసన చూడు, పుక్కిలించు, ఉమ్మెయ్,
ఒక మాట చెప్పు.

ఆ ఒక్క మాట దగ్గరే
మొదటి నెలంతా నీళ్లు నమిలింది
రెండు అర్థాల్లోనూ.
నేను మట్టి అంటే మట్టే అంది.
డెజ్మండ్ ఈతకొలను అంటే ఈతకొలనే అంది.
ఒకరోజు కావాలనే
మచ్చలేని నీళ్లిచ్చి "చేప" అన్నాను.
"చేపే," అంది.

సాయంత్రం బస్టాపులో ఏడ్చిందట.
నేను క్షమాపణ అడిగే రకం కాదు,
అల్లం బిస్కెట్ల పొట్లమొకటి ఆమె సొరుగులో పెట్టాను.
అదీ పరీక్షే అనుకుని
ఈస్టర్ దాకా విప్పలేదు పిచ్చిది.

ఫిబ్రవరిలో ఒక సీసా.
నేను: "ఏమీ లేదు."
డెజ్మండ్, జలుబు ముక్కుతో: "ఏమీ లేదు."
టామ్‌సిన్ గ్లాసు దించలేదు.
"బీట్‌రూట్ చెక్కు తీసిన సింకు."
మళ్లీ చూడమన్నాను. చూసింది.
"బీట్‌రూట్."
మూడోసారి నా గొంతు కొంచెం లేచింది.
ఆమె చెవులు ఎర్రబడ్డాయి,
మాట మాత్రం మారలేదు.

గురువారం యంత్రం కాగితం కక్కింది.
లీటరుకి తొమ్మిది నానోగ్రాములు.
పైన జలాశయంలో నాచు పట్టింది.

అందరూ ఆమె భుజం తట్టారు, నేనూ తట్టాను.
ఇంటికెళ్లి
మిరియాల డబ్బా తెరిచాను, వెనిగర్ సీసా తెరిచాను,
బ్రయన్ ఫుట్‌బాల్ బూట్లు కూడా.
డిసెంబర్ జ్వరం పోతూ పోతూ
ఏం పట్టుకుపోయిందో అప్పుడు తెలిసింది.

ఇక నీళ్లు నమలడం నా వంతు.
మార్చి, ఏప్రిల్, మే.
ఆమె ఏమంటుందో విని
అర నిమిషం ఆగి
"అదే," అనేదాన్ని.
ఆమెకు తెలుసు.
మే నెలలో ఒకసారి నా వైపు చూడకుండా
"చేప," అంది.
నేను నోరు తెరిచి, మూసుకున్నాను.
జూన్‌లో మేనేజర్‌కి చెప్పేశాను.
ఇప్పుడు లేబుళ్లు, లెక్కలు నావి.

జూలైలో ఆమె ఫోన్ నిండా నల్లగౌన్లు, గాల్లో టోపీలు.
తనతో చేరినవాళ్లంతా పట్టాలు పుచ్చుకుంటున్నారు.
"నేను తిరిగి వెళ్లేసరికి
క్యాంటీన్‌లో నా బల్లకి ఎవరూ ఉండరు,"
గ్లాసులు కడుగుతూ అంది.
ఏదో అనాల్సింది.
తువ్వాలు అందించాను.

కొత్త కుర్రాడు వచ్చాడు, పేరు ఓస్రిక్,
మాట్లాడుతూనే ఉంటాడు, కోటు వాడికి పొట్టి.
అక్టోబర్‌లో నా పేర ఒక పార్సిల్:
మా సీసాయే, మా పద్ధతిలోనే లేబుల్.
తేదీ, వేళ, హాస్టల్ మూడో అంతస్తు, వంటింటి కుళాయి.
వాసన అన్న గడి ఖాళీగా వదిలింది.

డెజ్మండ్‌కి ఇవ్వొచ్చు. కుర్రాడికి ఇవ్వొచ్చు.
తలుపు వేసుకుని
గ్లాసులో వంచాను.
చల్లగా ఉన్నాయని మాత్రం చెప్పగలను.
ఉమ్మలేదు.